వీపు సార్

ఉమాపతి బనీను తలమీంచి లాక్కుంటూనే విద్యార్థులను తిట్టడం మొదలుపెట్టాడు. పేరు పెట్టి ఎవరినీ కాదు, బ్యాచ్ మొత్తాన్ని కలిపి. చొక్కా గుండీలు పెట్టుకునేసరికి ఎం.ఏ. మొదటి సంవత్సరం వాళ్ళ పని అయిపోయింది. బెల్టు బిగిస్తూ రెండో సంవత్సరం మీదికి వచ్చాడు. కరోనా సద్దుమణిగి యూనివర్సిటీ మళ్ళీ తెరిచిన దగ్గర్నుంచి పొద్దున్నే అతనికిదే జపం. దేవుడి పటం ముందు నిలబడ్డప్పుడు మాత్రం కాసేపు ఆపేవాడు. అది భక్తి కాదు, మధ్యలో శ్లోకం మరిచిపోతానన్న భయం.

"దున్నపోతులు," అన్నాడు విభూతి పెట్టుకుంటూ. "రెండేండ్లు ఇండ్లల్లో పండుకోని తిన్యారు. ఇప్పుడు క్లాసులో గూడా పండుకుంటామంటాండారు."

శివమ్మ బొరుగుల ఉగ్గాని పళ్ళెం బల్ల మీద పెట్టింది. మొగుడి తిట్లు ఆమె చెవిదాకా వచ్చి చాలా ఏళ్ళయింది. ఆమె చూపు అతని చొక్కా మీద ఉంది.

"ఎంత ఉతికినా ముందర పక్క ఆ సుద్దపొడి పోలేదు. అందరు అయ్యవార్లకూ బోర్డుకు ఆనుకుంటే వీపుకంటుతాది. నీకేందో ఎప్పుడు జూసినా రొమ్ముకే అంటుకోనుంటాది."

ఉమాపతి పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. ఉగ్గానిలో పచ్చిమిరపకాయలు ఏరి పక్కన పెట్టాడు.

అతనిది ప్రొద్దుటూరు. తార్నాకలో మెట్రో స్టేషన్ వెనక సందులో, మూడో అంతస్తులో, రెండు గదుల అద్దె ఇల్లు. యూనివర్సిటీ అర్థశాస్త్ర విభాగంలో పార్ట్‌టైమ్ లెక్చరర్. చేరినప్పుడు జుట్టు నల్లగా ఉండేది, ఉద్యోగం పార్ట్‌టైమ్‌గా ఉండేది. ఇప్పుడు జుట్టు మారింది. అతని గురించి చెప్పుకోవడానికి ఇంతకు మించి పెద్దగా ఏమీ లేదు, ఎవరూ చెప్పుకోనూ లేదు. డిపార్ట్‌మెంట్ గ్రూపు ఫోటోల్లో అతను ఎప్పుడూ ఎవరో పొడుగాటి మనిషి వెనక, సగం మొహంతో దొరుకుతాడు.

బల్ల చివర లాప్‌టాప్ మూత వేసి ఉంది. దాని కెమెరా కన్ను మీద శివమ్మ బొట్టుబిళ్ళ ఇంకా అతుక్కునే ఉంటుంది. లాక్‌డౌన్ మొదట్లో ఉమాపతే అడిగి తీసుకుని అక్కడ అంటించాడు. కెమెరా పాడైందని, బాగుచేసేవాడు దొరకడం లేదని విద్యార్థులకు చెప్పాడు. చెప్పిన నోటితోనే, కెమెరాలు ఆపుకుని కూర్చున్నందుకు వాళ్ళను అరగంటసేపు చెడామడా దులిపేశాడు.

నిజం చెప్పాలంటే, లోకం ఊపిరాడక చస్తున్న ఆ రెండేళ్ళూ ఉమాపతికి పండగలా గడిచాయి. ఎదురుగా మొహాలు లేవు. నల్లటి గళ్ళలో తెల్లటి పేర్లు ఉన్నాయి, అంతే. వాటికి పాఠం చెబుతుంటే అతని గొంతు తెరుచుకుంది. ఉదాహరణలు వాటంతటవే వచ్చాయి. ఒకరోజు ఉల్లిగడ్డల ధర మీద ఏదో హాస్యం చెప్పి తనే ముందుగా నవ్వాడు. శివమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టి, "ఎవురితో నగుతాండావు?" అని అనుమానంగా అడిగింది.

ఆ గళ్ళలో ఒకటి భార్గవిది. గద్వాల పిల్ల. ఇంట్లో చీరలు నేస్తారు. ఆమె మైకు ఆన్ చేస్తే ముందు మగ్గం చప్పుడు వచ్చేది, దాని వెనకే ఆమె గొంతు వచ్చేది. తడబాటు లేని గొంతు. ప్రశ్నలడిగేది, పక్కవాళ్ళ ప్రశ్నలకు జవాబులు చెప్పేది, ఒకటి రెండుసార్లు ఉమాపతి చెప్పింది తప్పని కూడా అంది. అతనికి కోపం రాలేదు. పైగా అన్నం ముందు కూర్చుని, "నా స్టూడెంటు ఒక పిల్ల ఉండాది," అని భార్యతో గొప్పగా చెప్పుకున్నాడు. అన్నేళ్ళ ఉద్యోగంలో అతను ఇంట్లో అలా చెప్పుకున్న విద్యార్థి ఆమె ఒక్కతే.

ఈరోజు ఆ పిల్ల సంగతి తేల్చేస్తానని అనుకుంటూ ఉమాపతి చెప్పులు తొడుక్కున్నాడు.

తార్నాక వైపు గేటు దాటి క్యాంపస్‌లోకి అడుగుపెడితే రెండు పక్కలా చెట్లు, వాటి కింద పొద్దుటి నడక ముగించుకుని ఒళ్ళు విరుచుకునే రిటైర్డు మనుషులు. వాళ్ళను దాటుకుని, కుక్కలను దాటుకుని, బడి తెరిచిన మొదటిరోజు పిల్లల్లా గుంపులుగా నిలబడ్డ ఎం.ఏ. విద్యార్థులను దాటుకుని ఉమాపతి నడిచాడు. రెండో సంవత్సరం వాళ్ళకు కూడా క్యాంపస్ కొత్తే. సీనియర్లు దారి చూపించాలన్నది ఇక్కడి పాత ఆచారం. ఈ సీనియర్లు డిగ్రీ ఇంటి దగ్గర పూర్తిచేసి, ఎం.ఏ. మొదటి ఏడు ఇంటి దగ్గరే కానిచ్చి వచ్చారు. డిపార్ట్‌మెంట్ ఎక్కడని జూనియర్లనే అడిగారు. జూనియర్లు ఫోనులో మ్యాపు తీసి చూపించారు.

క్లాసులో వాళ్ళ తీరు చూస్తే ఉమాపతికి ఒళ్ళు మండేది. పావుగంట గడిచేసరికి కళ్ళు మూతలు పడతాయి. దాహమేస్తే అడగకుండా లేచి, సొంత వంటింట్లోకి వెళ్ళినట్టు బయటికి వెళ్ళిపోతారు. బోర్డు మీద రాసింది ఎక్కించుకోరు, ఫోటో తీసుకుంటారు. రెండు పేజీలు రాయమంటే వేళ్ళు నొప్పులంటారు. మొదటివారంలో వెనక బెంచీ నుంచి ఒకడు నిద్రమత్తులో, "సార్, మ్యూట్‌ల ఉన్నరు," అన్నాడు. అందరూ నవ్వారు. ఉమాపతి నవ్వలేదు. ఇంట్లో అయితే అదే మాటకు నవ్వి ఉండేవాడు.

వాళ్ళు ఇంకా ఇళ్ళలోంచి బయటికి రాలేకపోతున్నారని అతనికి తట్టలేదు. వచ్చి కూర్చున్నారు కదా, ఇంకేం రావాలి అనుకున్నాడు. ఒకే గదిలో ఇంటిల్లిపాదీ మధ్య చెవిలో తీగ పెట్టుకుని చదివిన పిల్లలకు, పక్కన మరో మనిషి మోచెయ్యి తగలడమే పెద్ద పరీక్ష అయింది. మాస్కు తీస్తే పక్కవాళ్ళు తమ మొహం చూస్తారని కొందరు మంచినీళ్ళు కూడా గోడ వైపు తిరిగి తాగేవాళ్ళు. ఉమాపతి అది చూసి, "కొత్త పెళ్ళికూతుళ్ళు" అని వెక్కిరించేవాడు.

ఇంతకూ ఇంత వెక్కిరించే ఉమాపతి పాఠం ఎలా చెబుతాడయ్యా అంటే, బోర్డు వైపు తిరిగి. క్లాసులోకి తలవంచుకుని వస్తాడు, తలవంచుకునే హాజరు తీసుకుంటాడు, తర్వాత బోర్డు వైపు తిరిగితే గంట కొట్టేదాకా ఇటు తిరగడు. అర్థశాస్త్రంలో గీతలకు కొదవ లేదు గనక అతని ఆట సాగింది. గిరాకీ రేఖ, సరఫరా రేఖ, అవి కలిసేచోట ఒక చుక్క, చుక్క కింద మరో రేఖ. గీస్తూ, గీసినదానితోనే మాట్లాడుతూ, దాన్ని చెరిపి మళ్ళీ గీస్తూ ఇరవై ఏళ్ళకు పైగా గడిపేశాడు. ఎన్నో బ్యాచ్‌లు అతని మొహం సరిగ్గా గుర్తుపెట్టుకోకుండానే డిగ్రీలు పట్టుకెళ్ళాయి. విద్యార్థులు అతనికి వీపు సార్ అని పేరు పెట్టారు. ఆ పేరు అతనికి తెలియదని వాళ్ళు అనుకుంటారు, తనకు తెలుసని వాళ్ళకు తెలియదని అతను అనుకుంటాడు. అలా గౌరవం నిలబడింది.

ఒకే ఒక్కసారి అతను తిరిగి చూడాల్సి వచ్చింది. పర్మనెంటు పోస్టుకు ఇంటర్వ్యూ. పదిహేను నిమిషాలు పాఠం చెప్పి చూపించమన్నారు. కుర్చీల్లో నలుగురు పెద్దమనుషులు. ఉమాపతి సుద్దముక్క తీసుకుని అలవాటు కొద్దీ బోర్డు వైపు తిరిగాడు. "మా వైపు చూసి చెప్పండి మాస్టారూ," అన్నాడొకాయన. ఉమాపతి తిరిగాడు. నాలుగు మొహాలు కనపడ్డాయి. నాలుక పిడచకట్టుకుపోయింది. వచ్చిన పాఠం, వందసార్లు చెప్పిన పాఠం, ఎటు పోయిందో పోయింది. ఆ పెద్దమనిషి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నలుగురి ముందు నోరు విప్పలేనివాళ్ళకు ఈ వృత్తి ఎందుకండీ," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆ మాట ఉమాపతి ఎవరికీ చెప్పలేదు, శివమ్మకు కూడా. పోస్టు అమ్ముడుపోయిందని మాత్రం ఇంట్లో చెప్పాడు.

కిందటివారం భార్గవి సెమినార్. ఇంటర్నల్ మార్కులకు ప్రతి విద్యార్థీ క్లాసు ముందు నిలబడి పావుగంట ఒక విషయం మీద మాట్లాడాలి. లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, ఏడాది పోతుంది. ఉమాపతి ఆరోజు కాస్త ఉత్సాహంగానే వచ్చాడు. ఆ గొంతు వినాలని ఉంది. పేరు పిలిస్తే చివరి బెంచీలోంచి సన్నటి పిల్ల ఒకతి లేచి వచ్చింది. కళ్ళదాకా మాస్కు. కాగితం పట్టుకుని నిలబడింది. నిలబడే ఉంది. మాస్కు గుడ్డ లోపలికీ బయటికీ ఆడుతోంది గానీ మాట రాలేదు. ముందు బెంచీవాళ్ళు మొదట జాలిగా చూశారు, తర్వాత ఫోనులు చూసుకున్నారు.

ఉమాపతి నిర్ఘాంతపోయాడు. ఇన్నాళ్ళూ తను ఇంట్లో గొప్పగా చెప్పుకున్న పిల్ల ఈమేనా? తర్వాత అతని బుర్రకు, అది ఎలాంటి బుర్రో అలాంటి ఆలోచనే తట్టింది. ఆన్‌లైన్ క్లాసుల్లో ఒకరి బదులు ఒకరు కూర్చున్న కథలు డిపార్ట్‌మెంట్‌లో చాలా ఉన్నాయి. అన్న బదులు తమ్ముడు, మరదలి బదులు బావ.

"ఆన్‌లైన్‌లో మాట్లాడింది నువ్వు కాదమ్మా," అన్నాడు అందరి ముందూ. "ఎవరినో కూర్చోబెట్టి మాట్లాడించినావు. నన్ను వెర్రివాణ్ణి చేసినావు. వచ్చేవారం ఇదే టయానికి నోరు తెరిచి మాట్లాడితే సరి. లేదంటే ఆబ్సెంటు వేస్తా."

ఆ వచ్చేవారం ఈరోజే.

డిపార్ట్‌మెంట్ వరండాలో స్తంభం దగ్గర భార్గవి నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర పెద్ద బట్టల సంచీ. పక్కన లావణ్య. అడిక్‌మెట్‌లో ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు. ఉమాపతి వాళ్ళను చూడనట్టు దాటిపోబోయాడు గానీ లావణ్య అడ్డం వచ్చింది.

"సార్, ఒక్క నిమిషం. భార్గవి ఇయ్యాల ఊరికి పోతనంటున్నది సార్. వాళ్ళ బాపు వచ్చెయ్యమన్నడు. గీ సెమినార్ అయితే ఉంటది. కాకపోతే ఇగ రాదు."

"నన్నేం చెయ్యమంటావు? సెమినార్ ఇవ్వొద్దని నేనన్నానా?"

భార్గవి అతని చెప్పుల వైపు చూస్తూ ఏదో అంది. మాస్కులోంచి గాలి మాత్రమే వచ్చింది.

"పక్క రూంల కూసొని ఫోన్ల చెప్తదంట సార్," అంది లావణ్య. "నా ఫోను స్పీకర్ పెట్టి క్లాసుల పెడత. అందరం వింటం. దానికి మొత్తం వచ్చు సార్. నలుగురి మొహాలు చూస్తే నోరు లేస్తలేదు, గంతే."

"ఇదేం రేడియో స్టేషనా?" అన్నాడు ఉమాపతి. అని, లోపలికి నడిచాడు.

కానీ క్లాసులో వ్యవహారం అక్కడితో ఆగలేదు. హాజరు తీసుకోవడం అయ్యాక లావణ్య లేచి నిలబడి మళ్ళీ అదే అడిగింది. అంబర్‌పేట్ నుంచి వచ్చే ప్రవీణ్ అనే కుర్రాడు, రోజూ అందరికన్నా ముందు నిద్రపోయేవాడు, ఆరోజు మేలుకుని ఉన్నాడు. "చెప్పనియ్యండి సార్, ఏమైతది," అన్నాడు. బెంచీల్లోంచి ఇంకో నాలుగు గొంతులు కలిశాయి. ఈ బ్యాచ్ కలిసి ఒక మాట అడగడం అదే మొదటిసారి.

ఉమాపతి ఒప్పుకున్నాడు. జాలిపడి కాదు. ఆ గొంతు ఈ పిల్లది కాదని అందరి ముందూ తేలిపోతుంది, తన అనుమానం నిజమవుతుంది, అదీ లెక్క. లోపల ఇంకెవరినైనా దాచి మాట్లాడిస్తుందేమోనని తనే స్వయంగా లేచి వెళ్ళాడు. అటెండరు పరుశురాం పక్క గది తాళం తీశాడు. కరోనాకు ముందు మూసిన గది. విరిగిన బల్లలు, మేకులు ఊడిన బోర్డు, అన్నిటి మీదా రెండేళ్ళ దుమ్ము. మనిషన్నవాడు లేడు. పరుశురాం రాతపలక ఉన్న కుర్చీ ఒకటి లాగి, కూర్చునేచోట చేత్తో దులిపి, తలుపుకు ఎదురుగా వేశాడు.

"కూసో బిడ్డా," అన్నాడు. భార్గవి వెళ్ళి కూర్చుంది. తలుపు దగ్గరికి వేశారు.

లావణ్య ఫోనును బల్ల మీద పెట్టింది. క్లాసంతా దానివైపు చూసింది. కొంతసేపు అందులో ఏదో ఈడుస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది. ఉమాపతి చేతులు కట్టుకుని, పెదవి విరిచి నిలబడ్డాడు.

"వినిపిస్తున్నదా సార్?"

ఏడాదిపాటు ప్రతి ఉదయం విన్న మాట. అదే గొంతు. వెనక మగ్గం చప్పుడు లేదు, అంతే తేడా. ఉమాపతికి తెలియకుండానే నోటివెంట జవాబు వచ్చేసింది.

"వినిపిస్తాంది. చెప్పమ్మా."

ఆమె విషయం ప్రచ్ఛన్న నిరుద్యోగం. పైకి అందరూ పనిలో ఉన్నట్టే కనిపిస్తారు గానీ, కొందరిని తీసేసినా పని ఏమీ తగ్గదు, అదీ దాని భావం. పుస్తకంలో దీనికి పొలం ఉదాహరణ ఉంటుంది. భార్గవి పొలం జోలికి పోలేదు.

"మా ఇంట్ల మగ్గం ఒక్కటే సార్. ముందుగాల అమ్మ, బాపు నేసేటోళ్ళు. లాక్‌డౌన్ల మా అన్న కంపెనీ బందయి ఇంటికొచ్చిండు. నా కాలేజీ బందయింది. నలుగురం అదే మగ్గం మీద పడ్డం. ఒకరు పోగు అతుకుతరు, ఒకరు కండె చుడతరు, అందరికి చేతి నిండ పనే. కాని చీర మాత్రం ముందెంత తొందరగ దిగేదో, గంతే తొందరగ దిగింది. ఎవరన్న వచ్చి రాసుకుంటే నలుగురు పని చేస్తున్నరు అని రాసుకుంటరు. ఇద్దర్ని తీసేస్తే చీరకేం తెల్వదు."

ఉమాపతి బోర్డు వైపు తిరిగాడు. సుద్దముక్క తీసుకుని, ఆమె చెబుతున్నదానికి రేఖ గీయడం మొదలుపెట్టాడు. రేఖ మొదట నిటారుగా లేచింది, తర్వాత మెత్తబడింది, ఆ తర్వాత ఎంతమంది వచ్చి చేరినా పైకి లేవకుండా చదునుగా పడుకుంది. ఆమె ఒక మాట చెబితే అతను ఒక గీత గీశాడు. అతను గీసింది ఆమెకు కనపడదు, ఆమె మొహం అతనికి కనపడదు. ఇద్దరికీ ఆ అవసరం లేదు. ఒకచోట ఆమె ఆగితే, "ఆఖర్న చేరిన మనిషి వల్ల పెరిగే ఉపాంత ఉత్పత్తి ఎంత?" అని బోర్డునే అడిగాడు. "సున్న సార్," అంది ఫోను. అతను నవ్వాడు. లోపలినుంచి వచ్చిన నవ్వు. ఆ పది నిమిషాలూ ఉమాపతి మళ్ళీ మంచి మాస్టారయ్యాడు.

ఆమె ముగించింది. క్లాసు చప్పట్లు కొట్టింది. రోజూ నిద్రపోయే ఆ బెంచీలు చప్పట్లు కొడుతుంటే ఉమాపతి పరవశంలో ఒళ్ళు మరిచి వెనక్కి తిరిగాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. అందరూ అతన్నే చూస్తున్నారు. ఎప్పుడూ చూడని మొహం చూస్తున్నట్టు చూస్తున్నారు.

ప్రవీణ్ నవ్వుతూ అన్నాడు. "మంచిగుంది సార్. ఇద్దరు సేమ్ సార్. మీరు గూడ గోడకే చెప్తరు గద."

వాడి మాటలో విషం లేదు. ఇష్టంగానే అన్నాడు. క్లాసంతా నవ్వింది, ఆ నవ్వులో కూడా చెడ్డతనం లేదు. ఇంకొకడైతే తనూ నవ్వేసి, ఆ పిల్లకు మార్కులు వేసి, రేపు ఇదే గదిలో తలుపు తెరిచి మాట్లాడమని, ఎల్లుండి గుమ్మంలో నిలబడి మాట్లాడమని, మెల్లగా లోపలికి తెచ్చుకునేవాడు. అంత కష్టమైన పనేం కాదు. దానికి కావలసిందల్లా తనూ అంతేనని ఒక్కసారి ఒప్పుకోవడం.

ఉమాపతి మొహం మీద నవ్వు ఆరిపోయింది. ఎదురుగా అన్ని మొహాలు. అతని నాలుక మళ్ళీ పిడచకట్టుకుపోయింది. ఇంటర్వ్యూ గదిలోలాగే గొంతులోకి ఏమీ రాలేదు. వచ్చింది ఒక్కటే, ఎన్నో ఏళ్ళుగా లోపల దాచుకున్న ఆ పెద్దమనిషి మాట. అతను ఫోను మీదికి వంగి ఆ మాటనే ఆ పిల్లకు అందించాడు.

"నలుగురి ముందు నోరు విప్పలేనివాళ్ళకు ఈ చదువెందుకమ్మా? ఇది సెమినార్ కాదు. లేచి ఇక్కడికి రా. వీళ్ళ ముందు నిలబడి ఇదే మాట్లాడు. రాకపోతే ఆబ్సెంటే."

లావణ్య ఫోను దగ్గరికి జరిగింది.

"సరే సార్," అంది భార్గవి. ఫోను ఆగిపోయింది.

ఆమె వస్తుందని అందరూ తలుపు వైపు చూశారు. ఉమాపతి బోర్డు వైపు తిరిగి, గీసిన రేఖను డస్టరుతో తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. లావణ్య లేచి బయటికి పరుగెత్తింది. ప్రవీణ్ బెంచీ మీద తల పెట్టుకున్నాడు, ఈసారి నిద్రకు కాదు. గంట కొట్టేదాకా ఎవరూ రాలేదు, లావణ్య కూడా తిరిగి రాలేదు.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఉమాపతి ఒక్కడే క్యారియర్ విప్పుకుని కూర్చున్నాడు. చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి, అన్నం, మజ్జిగ. తింటూ తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. రూలంటే రూలు. రేపు ఉద్యోగానికి పోతే అక్కడా పక్క గదిలో కూర్చుంటానంటుందా? తన మంచికే అన్నాను. ఇలాంటి ముక్కలు అన్నంలో కలుపుకుని సగం క్యారియర్ దించాడు.

పరుశురాం టీ గ్లాసుతో వచ్చాడు.

"గా పిల్ల పోయింది సార్," అన్నాడు గ్లాసు పెడుతూ. "సంచి తీస్కొని పోయింది. దోస్తు శాన చెప్పి చూసింది, ఇన్లే. గేటు కాడ కాచిగూడకు ఆటో మాట్లాడుకున్నది. గద్వాల బండి రెండు దాటినంక ఉంటది గద."

"అడిగినానా నిన్ను?"

పరుశురాం ఏమీ అనుకోలేదు. ఈ డిపార్ట్‌మెంట్‌లో మాట పడటం అతని పనిలో భాగం. "ఏడ్వలే సార్," అన్నాడు మళ్ళీ తనే. "నాకు దండం పెట్టి పోయింది. ఇగ రానన్నది. గా రూముకు తాళమేద్దునా?"

ఉమాపతి గోడ గడియారం చూశాడు. రెండు కావడానికి ఇంకా చాలాసేపుంది. క్యాంపస్ దాటితే అడిక్‌మెట్, అక్కణ్ణుంచి కాచిగూడ ఎంతో దూరం లేదు. ఆటో ఎక్కితే ప్లాట్‌ఫారం మీద ఆ పిల్ల దొరుకుతుంది. దొరికితే ఏమనాలో కూడా అతనికి తెలుసు. మార్కులు వేశాను, వెనక్కి రామ్మా. ఐదారు మాటలు. కానీ ఆ మాటలు మొహం చూసి చెప్పాలి. చుట్టూ జనం ఉంటారు. ఫోను చేయవచ్చు. లావణ్యనడిగితే నంబరు ఇస్తుంది. అడగాలంటే లావణ్య మొహం చూడాలి.

అతను చెయ్యి కడుక్కున్నాడు. క్యారియర్ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, అవసరం లేనంత శ్రద్ధగా కొక్కెం బిగించాడు.

"తాళం నేను చూసుకుంటా," అన్నాడు.

పక్క గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఉమాపతి లోపలికి వెళ్ళాడు. పరుశురాం కుర్చీ వేసినచోట కుర్చీ లేదు. నేల మీద దుమ్ములో దాని కాళ్ళు ఈడ్చిన జాడలున్నాయి. ఆ చారలు తలుపు దగ్గర్నుంచి బయల్దేరి, విరిగిన బల్లల పక్కగా వెళ్ళి, అవతలి మూలకు చేరాయి. కుర్చీ అక్కడుంది. తలుపుకు వీపు పెట్టి, గోడకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా జరిపి ఉంది. కూర్చున్న మనిషి మోకాళ్ళు గోడకు తగిలి ఉంటాయి.

అతను ముందుకు వంగి చూశాడు. రాతపలక మీద దుమ్ములో ఒక రేఖ ఉంది. వేలితో గీసింది. నిటారుగా లేచి, మెత్తబడి, చదునుగా సాగిపోయింది. తన బోర్డు ఉన్న గోడకు ఇవతలి పక్క, ఆమె కూడా గీస్తూనే మాట్లాడిందన్నమాట. ఇద్దరూ ఒకే గోడ వైపు తిరిగి, దానికి చెరోపక్క ఉండి, పది నిమిషాలు పాఠం చెప్పుకున్నారు. ఉమాపతికి ఇంత చిన్న మనిషినా నేను అని ఒక్క క్షణం అనిపించింది. నిజానికి అతను అంత చిన్న మనిషే, కాకపోతే ఆ సంగతి తెలియడానికి ఇన్నాళ్ళు పట్టింది.

వెనకనుంచి పరుశురాం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "కుర్చి తీసి లైన్ల పెట్టనా సార్?"

"వద్దు. ఉండనీ."

గంట కొట్టింది. మొదటి సంవత్సరం వాళ్ళ క్లాసు. ఉమాపతి తాళం వేయడం కూడా మరిచి బయటికి నడిచాడు. ఒక పక్క వరండా దాటితే అడిక్‌మెట్ వైపు గేటుకు పోయే దారి, ఇంకో పక్క పొద్దుటి క్లాసు గది గుమ్మం. అక్కడ ఒక్క క్షణం కూడా ఆగలేదు. తలవంచుకుని క్లాసులోకి వెళ్ళాడు, తలవంచుకుని హాజరు తీసుకున్నాడు. సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగాడు. ఆ బోర్డు వెనక గదిలో, తలుపుకు వీపు పెట్టి, ఒక కుర్చీ అతనికి ఎదురుగా గోడను చూస్తూ ఉంది.